మూడు ఫిన్నులా, నాలుగా? మోకాళ్ళ మీది సవారీ కథ

(సామాజిక రేడియో ప్రసంగ పాఠం)



ఈ రోజు విషయం వినగానే మీలో కొందరు "ఇదెక్కడి గోలండీ బాబూ" అనుకోవచ్చు. సముద్రపు అలల మీద మోకాళ్ళపై కూర్చుని జారే బోర్డు ఒకటుంది. దాని పేరు నీబోర్డు. మామూలు సర్ఫ్ బోర్డు మీద మనిషి నిలబడతాడు, దీని మీద మోకరిల్లి కూర్చుంటాడు. అంతే తేడా. ఈ బోర్డుల అడుగున, తోక వైపు, చేప వాజాల్లాంటి చిన్న పలకలుంటాయి. వాటిని ఫిన్నులంటారు. నీబోర్డుకి మూడు ఫిన్నులు పెట్టుకోవాలా, నాలుగు పెట్టుకోవాలా? ఇదీ ఈ రోజు ప్రశ్న.

చూడ్డానికి చిన్న ప్రశ్న. కానీ జవాబు కోసం వెతుకుతూ పోతే అది నన్ను కాలిఫోర్నియాకి, ఆస్ట్రేలియాకి తీసుకెళ్ళి, చివరికి మన కోస్తా జాలరుల తెప్ప దగ్గర దింపింది. ఫిన్నులు ఎన్ని అన్న ప్రశ్నలో ఇంకో ప్రశ్న దాక్కుని ఉంది: బోర్డు మీద మనిషి బరువు ఎక్కడ పడుతోంది? ఆ సంగతి తేలితే లెక్క దానంతటదే తేలుతుంది. చరిత్ర కూడా ఆ మాటే చెబుతుంది.

ముందు నా గొడవ కొంచెం చెప్పాలి. నేను భీమిలి వైపు పుట్టి పెరిగినవాణ్ణి. ఎమ్మెస్సీ అయ్యాక ఉద్యోగం కోసం ఇటు వచ్చి, కులిం హైటెక్ పార్కులో ఫ్యాక్టరీల కంప్యూటరు వ్యవస్థలకి సలహాదారుగా పనిచేస్తూ, సుంగై పెటానిలో కాపురం ఉంటున్నాను. కొన్నేళ్ళ క్రితం రోడ్డు ప్రమాదంలో నా ఎడమ చీలమండ విరిగింది. లోపల ప్లేటు, స్క్రూలు ఉన్నాయి. పాదాన్ని పైకి మడవలేను కాబట్టి బోర్డు మీద వంగి నిలబడడం కుదరదు. పాదాన్ని వెనక్కి చాచి మోకాళ్ళ మీద కూర్చోవడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. నాలాగే చీలమండో నడుమో దెబ్బతిన్నవాళ్ళు, వయసు మీద పడినవాళ్ళు చాలామంది నీబోర్డు పట్టుకునే సముద్రాన్ని వదలకుండా ఉన్నారు. అందుకే ఇది మాకు సరదా ప్రశ్న మాత్రమే కాదు. బోర్డు సరిగ్గా కుదిరితే నీళ్ళలో ఉంటాం, కుదరకపోతే ఒడ్డున ఉంటాం.

మన ఊళ్ళో అలలెక్కడివి అని అడుగుతారేమో. నిజమే, లేవు. తంజోంగ్ దవాయ్ వెళ్ళి చూస్తే సముద్రం చెరువులా ఉంటుంది. హిందూ మహాసముద్రం నుంచి వచ్చే పెద్ద అలలకి సుమత్రా దీవి అడ్డంగా పడుకుని ఉంది. అల కావాలంటే ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి తూర్పు తీరానికి పోవాలి. గెరిక్ నుంచి జెలి దాకా కొండల్లోంచి వెళ్ళే తూర్పు-పడమర రహదారి 1982లో తెరిచారు. ఆ దారిన వెళ్ళి, కెలంతాన్, తెరెంగానూ దాటితే పహాంగ్ రాష్ట్రపు అంచున చెరాటింగ్ వస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య రుతుపవనాలు దక్షిణ చైనా సముద్రం మీదుగా వీస్తాయి. అప్పుడే అక్కడ అలలు. ఏడాదిలో నాకు దొరికేవి ఆ కొద్ది వారాంతాలు. వాటిని తప్పుడు ఫిన్నులతో పాడుచేసుకోవడం ఇష్టం లేక ఈ చరిత్రలోకి దిగాను.

సరే, కథ మన తీరం నుంచే మొదలుపెడదాం.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో పెద్ద కెరటాలు నేరుగా ఇసుక మీద విరుగుతాయి. విశాఖ రేవు 1933లో తెరిచేదాకా ఉత్తర కోస్తాలో ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. మనుషులైనా మూటలైనా ఆ కెరటాలు దాటి ఓడెక్కాల్సిందే. అంతకుముందు మలయాకి వచ్చిన మన తెలుగువాళ్ళలో చాలామంది ప్రయాణం అలాగే మొదలైంది. మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసులా పడవలు ఆ పనికే పుట్టాయి. వాటికన్నా చిన్నది, పాతది, తెప్ప. తేలిక కలప దుంగలు కొన్ని పక్కపక్కన పేర్చి కట్టిందే తెప్ప. నీళ్ళు దాని మీంచి వస్తాయి, సందుల్లోంచి పోతాయి. అందుకే అది మునగదు.

తమిళంలో దీన్ని కట్టుమరం అంటారు. ఇంగ్లీషువాళ్ళ కాటమరాన్ అన్న మాట అందులోంచే వచ్చింది. ఇప్పుడు ఆ పేరుతో రెండు పొట్టల పడవల్ని పిలుస్తున్నారు గానీ అసలు అర్థం కట్టిన కొయ్యలే. విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో కోరమాండల్ తీరపు ఈ తెప్పల ప్రస్తావన చేశాడు. మద్రాసుకి కృత్రిమ రేవు కట్టింది 19వ శతాబ్దం చివరి భాగంలో. అంతవరకూ తుఫాను రోజుల్లో ఓడకీ ఒడ్డుకీ మధ్య ఉత్తరాలు మోసింది తెప్ప మనుషులే. నీళ్ళు చొరని శంకువు లాంటి టోపీలో ఉత్తరాలు దాచి తల మీద పెట్టుకుని, తెప్ప మీద మోకాళ్ళపై కూర్చుని, కెరటాన్ని చీల్చుకుంటూ పోయేవాళ్ళు.

మోకాళ్ళపై కూర్చుని అన్న మాట గమనించండి. నిలబడితే కెరటం తోసేస్తుంది. పూర్తిగా కూర్చుంటే తెడ్డుకి బలం రాదు. మోకాళ్ళ మీద ఉంటే బరువు కిందికి ఉంటుంది, భుజాలకి వీలు ఉంటుంది. జాలరులు ఈ సంగతి పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు.

మరి తెప్పకి ఫిన్ను ఉందా? కెరటాల్లో ఉన్నంతసేపూ అడుగున ఏమీ ఉండదు. ఉండకూడదు కూడా. ఒడ్డుకి వచ్చేటప్పుడు అడుగున ఏదైనా బిగించి ఉంటే అది ఇసుకలో గుచ్చుకుని తెప్ప తిరగబడుతుంది. మరి పక్కకి జారకుండా ఎవరు ఆపుతారు? తెడ్డు. వెనక కూర్చున్నవాడు తెడ్డుని నిలువుగా నీళ్ళలో దించి పట్టుకుంటే అదే ఫిన్ను, కొంచెం తిప్పితే అదే చుక్కాని, ఒడ్డు దగ్గరపడగానే పైకి తీస్తే ఏమీ లేదు. కావలసినప్పుడు ఉండి అక్కర్లేనప్పుడు లేని ఫిన్ను అది.

ఇంతకీ ఫిన్ను చేసే పని ఏమిటి? బోర్డు అల వాలు మీద అడ్డంగా పోతున్నప్పుడు నీళ్ళు దాని తోకని పక్కకి నెట్టాలని చూస్తాయి. ఫిన్ను అడ్డంపడి పట్టు ఇస్తుంది. విమానం రెక్క గాల్లో ఎలా పనిచేస్తుందో ఇది నీళ్ళలో అలా పనిచేస్తుంది. పట్టు ఎక్కువైతే బోర్డు తిరగదు, తక్కువైతే తోక జారిపోతుంది. దానికి తోడు ప్రతి ఫిన్నూ నీళ్ళని కొంత ఆపుతుంది, అంటే వేగం కొంత తింటుంది. ఫిన్నుల చరిత్రంతా ఈ మూడింటి మధ్య బేరమే: పట్టు, మలుపు, వేగం.

సర్ఫింగుకి పుట్టిల్లు హవాయి. అక్కడి పాత కొయ్య బోర్డులకి కూడా ఫిన్నుల్లేవు. పైపో అనే పొట్టి బోర్డు మీద బోర్లా పడుకునో మోకాళ్ళపై కూర్చునో జారేవాళ్ళు కూడా. 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికన్ ఒక పాత స్పీడ్ బోటు అడుగు నుంచి తీసిన పలకని తన బోర్డుకి బిగించి వైకీకీలో నీళ్ళలోకి దిగాడు. సర్ఫ్ బోర్డుకి మొదటి ఫిన్నుగా చరిత్రలో చెప్పుకునేది అదే. 1937లో హవాయి కుర్రాళ్ళు కొందరు ఫిన్ను జోలికి పోకుండా, బోర్డు తోకనే సన్నగా, అడుగు గుండ్రంగా చెక్కి పట్టు సాధించారు. ఒకే రోగానికి రెండు వైద్యాలు. చివరికి బ్లేకు వైద్యమే నిలబడింది. ఆ తర్వాత చాలాకాలం బోర్డుకి తోక మధ్యన ఒకే ఒక్క ఫిన్ను.

ఇక్కణ్ణుంచి కథలో ఒక విచిత్రం కనబడుతుంది. ఫిన్నుల ఆలోచనని ముందుకు తోసినవాళ్ళలో మామూలుగా నిలబడి సర్ఫ్ చేసేవాళ్ళకన్నా కొంచెం వేరుగా ఉన్నవాళ్ళు ముఖ్యులు.

బాబ్ సిమ్మన్స్ అనే కాలిఫోర్నియా మనిషికి కుర్రతనంలో సైకిలు ప్రమాదంలో ఎడమ మోచేయి పాడైంది. బరువైన బోర్డు మోయడం, చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోవడం కష్టమై తేలిక బోర్డుల వెంట పడ్డాడు. వెడల్పు తోక బోర్డులు చేశాడు. వెడల్పు తోకకి మధ్యన ఒక్క ఫిన్ను చాలదు. బోర్డు ఒక పక్కకి ఒరిగితే ఆ ఫిన్ను నీళ్ళలోంచి పైకి వచ్చేస్తుంది. అందుకని 1940ల చివర రెండు అంచుల దగ్గరా చెరో ఫిన్ను పెట్టాడు. 1954లో సముద్రంలోనే పోయాడు. ఈ వెడల్పు తోక లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

తర్వాత జార్జి గ్రీనో. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా మనిషి, మోకాళ్ళ మీద సవారీ చేసేవాడు. ట్యూనా చేప తోకని చూసి, మొదట్లో వెడల్పుగా, కొసకి వచ్చేసరికి సన్నగా, వంగుతూ లేచే ఫిన్ను చేశాడు. మలుపులో అది కాస్త వంగి, తిరిగి నిటారవుతూ బోర్డుని ముందుకు నెడుతుంది. ఆస్ట్రేలియా సర్ఫర్ నాట్ యంగ్ 1966లో శాన్ డియేగోలో జరిగిన ప్రపంచ పోటీ గెలిచిన బోర్డుకి ఉన్నది ఆ బాణీ ఫిన్నే. పొట్టి బోర్డుల యుగానికి దారి తీసిన గెలుపు అది. గెలిచినవాడు నిలబడ్డాడు, ఫిన్ను మోకాళ్ళ మీదినుంచి వచ్చింది.

మూడోవాడు స్టీవ్ లిస్. ఇతనూ నీబోర్డు మనిషే, శాన్ డియేగోవాడు. 1967లో పొట్టిగా, వెడల్పుగా, చేప తోకలా చీలిన తోకతో, రెండు అంచుల్లో రెండు పొడవాటి పలక ఫిన్నులతో ఒక బోర్డు చేశాడు. దాని పేరే ఫిష్. మోకరిల్లే మనిషికి అతికినట్టు సరిపోయింది. నిలబడేవాళ్ళు చూశారు, తీసుకున్నారు. 1972లో శాన్ డియేగోలోనే జరిగిన ప్రపంచ పోటీలో జిమ్మీ బ్లేర్స్ ఫిష్ మీద గెలిచాడు. మార్క్ రిచర్డ్స్ రెండు ఫిన్నుల బోర్డులతో 1979 నుంచి 1982 దాకా వరసగా 4 ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు.

మరి మూడు ఎక్కణ్ణుంచి వచ్చింది? కాలిఫోర్నియాలో కాంబెల్ సోదరులు 1970లోనే మూడు ఫిన్నుల బోంజర్ బోర్డు చేశారు. కానీ ప్రపంచాన్ని మార్చింది సిడ్నీలోని నారబీన్ వాసి సైమన్ ఆండర్సన్. మనిషి ఆజానుబాహువు. రెండు ఫిన్నుల బోర్డు ఆ బరువుకి పెద్ద అలల్లో తోక జారిపోయేది. 1980 అక్టోబరులో స్నేహితుడి బోర్డుకి రెండు ఫిన్నుల వెనక ఉన్న ఒక చిన్న ఫిన్నుని చూశాడు. మూడూ సమానంగా ఉంటే ఎలా ఉంటుందని ఆలోచించి, రెండు పక్కల రెండు, వెనక మధ్యన ఒకటి పెట్టి థ్రస్టర్ అనే బోర్డు తయారుచేశాడు. 1981లో ఆస్ట్రేలియాలో బెల్స్ పోటీ, సిడ్నీలో కోక్ పోటీ, హవాయిలో పైప్‌లైన్ మాస్టర్స్, మూడూ గెలిచాడు. పేటెంటు తీసుకోలేదు. కొన్నేళ్ళలో ప్రపంచంలోని బోర్డులన్నీ ఇంచుమించు మూడు ఫిన్నులవే అయ్యాయి.

ఇక్కడ ఆగి చూడాలి. థ్రస్టర్ పుట్టింది ఒక బరువైన మనిషి, నిలబడి, వెనక కాలితో తోకని తొక్కే పద్ధతిలోంచి. మధ్య ఫిన్ను సరిగ్గా ఆ వెనక కాలి కిందే ఉంటుంది. కాలితో నొక్కితే అది ఇరుసులా పనిచేసి బోర్డు గిరుక్కున తిరుగుతుంది, వదిలితే నిలకడగా పోతుంది. నిలబడేవాడికి ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకడం కష్టం. అందుకే ఇన్నేళ్ళు నిలిచింది.

మరి మోకాళ్ళ మీద ఉన్నవాడికి వెనక కాలు ఏది? లేదు. మా బరువు మోకాళ్ళ నుంచి పాదాల దాకా పరుచుకుని ఉంటుంది. తోకని తొక్కలేం. మలుపు తిప్పాలంటే ఒళ్ళంతా ఒక పక్కకి వాల్చి బోర్డు అంచుని నీళ్ళలోకి దించాలి. బరువు కిందికే ఉంది కనుక నిలబడ్డవాడికన్నా ఎక్కువ వాల్చగలం కూడా. పైగా కాళ్ళు మడుచుకుని పట్టాలి కనుక మా బోర్డు వెడల్పు, తోక ఇంకా వెడల్పు. సిమ్మన్స్ చూసిన ఇబ్బందే మళ్ళీ ఇక్కడ ఎదురవుతుంది: బాగా ఒరిగిన వెడల్పు తోక బోర్డులో మధ్య ఫిన్ను అంచుకి దూరంగా పైకి తేలుతుంది. పట్టు కావలసిన క్షణంలోనే దాని పట్టు తగ్గుతుంది.

నాలుగు ఫిన్నులు, అంటే క్వాడ్, ఈ చోట పనికొస్తుంది. మధ్యన ఏమీ ఉండదు. ఒక్కో అంచు దగ్గర రెండేసి, ముందొకటి వెనకొకటి. ఏ పక్కకి వాలితే ఆ పక్క రెండు ఫిన్నులూ నీళ్ళలోనే ఉంటాయి. నా దృష్టిలో క్వాడ్ అంటే స్టీవ్ లిస్ పెట్టిన రెండు పొడుగు పలకల్నీ చెరి రెండు ముక్కలు చేసినట్టు. వేగం సంగతికొస్తే, తిన్నగా పోతున్నప్పుడు మధ్య ఫిన్ను ఇచ్చే నిలకడ కొంత బ్రేకు లాంటిదే. అది లేకపోతే బోర్డు తేలిగ్గా పరుగెడుతుంది.

క్వాడ్ కొత్తదేం కాదు. 1980ల మొదట్లో గ్లెన్ విన్టన్ అనే ఆస్ట్రేలియా సర్ఫర్ నాలుగు ఫిన్నులతో ప్రపంచ స్థాయి పోటీల్లో పాల్గొన్నాడు. కానీ థ్రస్టర్ గాలి బలంగా వీస్తున్న రోజులవి. నాలుగు పక్కకి పోయి, 2000 తర్వాత మళ్ళీ బాగా వాడుకలోకి వచ్చింది. నీబోర్డు మనుషుల్లో మాత్రం దానికి అభిమానులు గట్టిగా ఉన్నారు. ఎందుకో ఇప్పుడు మీకే అర్థమైంది.

అయితే నాలుగులో నష్టం లేదా? ఉంది. అల కొస దాకా నిలువుగా ఎక్కి గభాల్న కిందికి తిరగాలంటే ఇరుసు ఉండాలి. నాలుగులో ఆ ఇరుసు లేదు. మలుపు కాస్త పెద్ద విల్లులా వస్తుంది, లేదా పైన తోక జారుతుంది. వాలు లేని చప్పిడి అల మీద బోర్డుని నిటారుగా ఉంచితే అటూ ఇటూ తేలిపోయినట్టు ఉంటుంది. చిన్న అలలో కురచ మలుపులు తిప్పడమే సరదా అనుకునేవాళ్ళకి మూడే హాయి.

అదృష్టం ఏమిటంటే ఈ రోజుల్లో రెంటిలో ఒకదానికే కట్టుబడక్కర్లేదు. 1990 దశకం నుంచి విప్పి బిగించే ఫిన్నులు బాగా వ్యాపించాయి. ఐదు గాళ్ళున్న బోర్డు కొంటే ఒక చిన్న ఎల్ ఆకారపు తాళంతో నిమిషాల్లో మూడు పెట్టుకోవచ్చు, నాలుగు పెట్టుకోవచ్చు. నేనూ అలాంటిదే కొన్నాను. దుకాణంలో అడక్కుండానే మూడు బిగించి ఇచ్చారు. మా కంప్యూటరు భాషలో దాన్ని డిఫాల్టు అంటాం. ఎవరూ ఏమీ అడగకపోతే ఉండేది. మా వృత్తిలో నేను నేర్చుకున్నది ఒకటే: డిఫాల్టు చెడ్డది కాదు, కానీ అది ఎవరిని దృష్టిలో పెట్టుకుని పెట్టారో తెలుసుకుని వాడాలి.

చెరాటింగ్‌లో రెండు సీజన్లు పరీక్ష పెట్టాను. ఒకేసారి ఒకటే మార్చాలన్నది మా పనిలో సూత్రం. బోర్డు అదే, మనిషి అదే. ఒక రోజు పొద్దున మూడు, సాయంత్రం నాలుగు. ఆటుపోట్ల వల్ల పొద్దుటి అల, సాయంత్రపు అల ఒకటి కావు కనుక మర్నాడు వరస తిరగేసేవాణ్ణి. తేలిందేమిటంటే, అల విరుగుతూ ముందుకు పరుగెడుతున్నప్పుడు నాలుగుతో దాన్ని దాటి పోగలిగాను, మూడుతో చాలాసార్లు వెనకబడి నురగలో చిక్కుకున్నాను. గాలికి సముద్రం గతుకులుగా ఉండి గోడ పొట్టిగా ఉన్న రోజుల్లో మూడే తేలిగ్గా తిరిగింది. అలాంటి రోజులు తక్కువ కాదు. అయినా నా ఓటు నాలుగుకే. వెనక రెండు ఫిన్నులు కొంచెం చిన్నవి పెట్టుకున్నాక మలుపు బిగుతు కూడా తగ్గింది. మధ్య ఫిన్నుని పారేయలేదు, కారు డాష్‌బోర్డు అరలో ఉంటుంది. గతుకుల రోజున దానికి పని పడుతుంది.

మీకెవరికైనా ఈ సరదా ఉంటే నా సలహా ఇది. తోక వెడల్పు బోర్డు, ఒళ్ళు బాగా వాల్చి తిరిగే అలవాటు, పొడుగ్గా పరిగెత్తే అల అయితే నాలుగుతో మొదలుపెట్టండి. తోక సన్నగా ఉండి, మోకాళ్ళు బాగా వెనక్కి పెట్టుకుని, అల ఒక్క చోటే గిర్రున తిరగాలనుకుంటే మూడు పెట్టుకోండి. వేరేవాళ్ళు పోటీలో దేంతో గెలిచారన్నది ఆఖర్న చూడండి.

చివరగా తెప్ప సంగతి. మన తీరంలో ఇప్పుడు కొయ్య తెప్పలు చాలా తగ్గిపోయాయి. ఫైబరు తెప్పలు, ఇంజన్లు వచ్చాయి. ప్రాణానికి, సంపాదనకి అవి మేలే చేశాయి, దానికి ఎవరూ బాధపడనక్కర్లేదు. కానీ ఇంజను వచ్చాక పాత చిక్కు మళ్ళీ వచ్చింది: అడుగున ఉన్న పంకా ఇసుకని తాకితే విరుగుతుంది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం కింద ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణులు మన కెరటాల కోసం కొత్త పడవలు చేసినప్పుడు, ఒడ్డు దగ్గరపడగానే పంకాని పైకి లేపుకునే ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. తెప్ప వెనక మోకాళ్ళ మీద కూర్చున్న జాలరి తెడ్డుతో ఎప్పుడూ చేసే పని అదే కదండీ. బరువు ఎక్కడుంది, పట్టు ఎక్కడ కావాలి, ఎప్పుడు అక్కర్లేదు. ఈ మూడూ తెలిసినవాడికి ఫిన్నుల లెక్క పెద్ద చిక్కేమీ కాదు.

నవంబరులో గాలి తిరిగాక చెరాటింగ్ వైపు ఎవరైనా వస్తే అక్కడ కలుద్దాం. సెలవు, నమస్కారం.